ఆకాశంలో చేను మేసిందెవరు?

మంథని వాళ్లకు 1991 జూన్ 21 గుర్తుండిపోయే రోజు. 1957 నుంచి ఇరవయ్యేళ్లపాటు తమకు ఎమ్మెల్యేగా ఉన్న పీవీ నరసింహారావు ఢిల్లీలో ప్రధానమంత్రిగా ప్రమాణం చేసిన రోజది. ఊరి చూపంతా ఢిల్లీ మీదే. నెత్తిమీద ఆకాశంలో ఏం జరుగుతోందో ఎవరికి పట్టింది? తలెత్తి చూసినా వానాకాలం మబ్బులు తప్ప మరేమీ కనిపించేది కాదు.

కానీ ఆ మబ్బులకు పైన, చాలా పైన, మరో మబ్బు నడక మొదలుపెట్టింది. అది వాన మబ్బు కాదు. గంధకపు మబ్బు!

అంతకు సరిగ్గా ఆరు రోజుల ముందు, జూన్ 15న, ఫిలిప్పీన్స్‌లో పినటుబో అనే కొండ బద్దలైంది. దాదాపు 500 ఏళ్లుగా నిద్రపోతున్న అగ్నిపర్వతం అది. నిద్రలేచి ఒక్కసారి గర్జించేసరికి బూడిదా, ఆవిరీ, వాయువులూ 35 కిలోమీటర్ల ఎత్తుకు లేచాయి. వాటిలో ఒక్క సల్ఫర్ డయాక్సైడే కోటిన్నర టన్నులకు పైన. ఆ మబ్బు పడమటి దారి పట్టి, హిందూ మహాసముద్రం దాటి, మూడు వారాల్లో భూమిని చుట్టేసింది. తర్వాత రెండేళ్లకు ప్రపంచ ఓజోన్ పొర అంతకుముందు ఎన్నడూ లేనంత పలచబడింది.

అంటే ఓజోన్‌ను తినేసింది అగ్నిపర్వతమేనా? చాలామంది అలాగే అనుకుంటారు. 'కొండలే అంత పని చేస్తుంటే మన ఫ్రిజ్‌లనీ ఏసీలనీ ఆడిపోసుకోవడం ఎందుకు?' అని వాదించిన వాళ్లూ ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అసలు కథ మాత్రం వేరు. ఆ కథలో సాక్ష్యం చెప్పినవాటిలో హైదరాబాద్ నుంచి ఎగిరిన ఓ బుడగ కూడా ఉంది.

నిలువుగా రామగుండమంత దూరం!

ఓజోన్ పొర అనగానే ఎక్కడో చుక్కల దగ్గర ఉంటుందనిపిస్తుంది. అంత దూరమేం కాదు. పటం మీద గీత గీసి కొలిస్తే మంథని నుంచి రామగుండం దాదాపు పాతిక కిలోమీటర్లే. అదే గీతను నిట్టనిలువుగా నిలబెడితే దాని కొస ఓజోన్ ఎక్కువగా ఉండే చోటికి చేరుతుంది. బస్సు పైకి వెళ్లగలిగితే గంటలోపు ప్రయాణం!

మన ప్రాంతంలో వానలూ, మబ్బులూ, గాలిదుమారాలూ అన్నీ 16, 17 కిలోమీటర్ల ఎత్తులోపే. ఆపైన ఉన్నది స్ట్రాటో ఆవరణం. అక్కడ వాన లేదు, ఉరుము లేదు. ఓజోన్ కాపురం ప్రధానంగా అక్కడే.

మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండు పరమాణువులు జతగా ఉంటాయి. ఓజోన్‌లో మూడుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ జంటను విడగొడితే, విడిపోయిన ఒంటరి పరమాణువు మరో జంటతో కలిసి ఓజోన్ అవుతుంది. ఆ ఓజోనే మళ్లీ అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. ఆ అడ్డు లేకపోతే కంట్లో శుక్లాలూ, చర్మ కేన్సర్లూ పెరుగుతాయి. పంటలూ దెబ్బతింటాయి.

ఇంత పని చేసే ఓజోన్ ఎంత ఉందో తెలుసా? మన నెత్తిమీద ఉన్నదంతా పోగేసి నేలమీద పరిస్తే మందం మూడు మిల్లీమీటర్లు. ఉష్ణమండలంలో ఉన్న మనకు ఇంకాస్త తక్కువే. ఒక రూపాయి నాణెం మీద మరో నాణెం పెడితే ఎంతో ఇంచుమించు అంత. అంత పలచటి పంట అది. అందుకే దాన్ని మేసేవాళ్లెవరో కనిపెట్టడం అంత అవసరమైంది.

బూడిద రాలుతుంది... గంధకం నిలుస్తుంది

'అగ్నిపర్వతాలు మనకెక్కడివి?' అనుకోనక్కర్లేదు. ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి నేలలు ఎక్కడివనుకున్నారు? సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను పీఠభూమి మీద పొరలు పొరలుగా పారిన లావా రాయి అయ్యి, ఆ రాయి ఎండకూ వానకూ చితికి మట్టి అయ్యింది. మంథని పక్కనుంచి పారే గోదావరి పుట్టింది కూడా ఆ లావా రాళ్ల మధ్యే. త్ర్యంబకం నుంచి బయల్దేరి, ఆ నేలను కడుగుతూ, ఆ మట్టిని మోసుకుంటూ వస్తుంది. నది ఒడ్డున కాలికంటే ఒండ్రులో ఆ పాత మంట తాలూకు పొడి ఎంతో కొంత ఉంటుంది.

ఇంకో సాక్ష్యం రాయలసీమలో ఉంది. ఒకప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న జ్వాలాపురం దగ్గర నేలలో తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. కొన్నిచోట్ల మనిషెత్తును మించిన మందం. అది మన కొండల బూడిద కాదు. దాదాపు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేసియాలోని సుమత్రా దీవిలో బద్దలైన టోబా అగ్నిపర్వతం బూడిద! సముద్రం దాటి వచ్చి ఇక్కడ రాలింది.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. బూడిద ఎంత దూరమెళ్లినా బరువుకు రాలిపోతుంది. రోజుల్లో, వారాల్లో నేలకు దిగుతుంది. కాబట్టి ఓజోన్‌కు బూడిదతో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా కంటికి కనపడని సల్ఫర్ డయాక్సైడ్‌తోనే. అది స్ట్రాటో ఆవరణానికి చేరితే అక్కడి కొద్దిపాటి నీటి ఆవిరితో కలిసి, కొన్ని వారాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నటి తుంపరగా మారుతుంది. అక్కడ వాన లేదు కదా, కడిగే దిక్కు ఉండదు. ఏడాది, రెండేళ్లు అలాగే తేలుతూ ఉంటుంది. ఎండను కొంత వెనక్కి తిప్పి కొడుతుంది. పినటుబో తర్వాత భూమి సగటు వేడి దాదాపు అర డిగ్రీ తగ్గింది అందుకే.

మరి కొండలోంచి క్లోరిన్ రాదా? వస్తుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లం రూపంలో. కానీ దానికి నీళ్లంటే మహా ప్రీతి. పేలుడుతో పాటు లేచే ఆవిరి చల్లబడి నీరు కాగానే అందులో కరిగి, చాలావరకు పైకి చేరకముందే కిందికి వచ్చేస్తుంది. పినటుబో పేలాక పైన క్లోరిన్ చెప్పుకోదగ్గంతగా పెరగలేదని కొలతలు చూపించాయి. 'కొండ క్లోరినే ఓజోన్‌ను తింది' అన్న వాదన అక్కడే వీగిపోయింది.

బందెల దొడ్డి కథ

ఇక అసలు సంగతి. దీన్ని ప్రయోగశాల భాషలో కన్నా ఊరి భాషలో చెప్పుకుంటే తేలిక.

పూర్వం ప్రతి ఊళ్లో బందెల దొడ్డి ఉండేది. పరాయి చేలో పడి మేసిన పశువును తోలుకొచ్చి అందులో కట్టేసేవాళ్లు. ఓజోన్‌ను చేను అనుకుందాం. దాన్ని మేసే పశువు క్లోరిన్. ఒక్కో క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువుల దాకా నాశనం చేయగలదు. తిన్నా తరగదు, తిన్న ప్రతిసారీ మళ్లీ తిండికి సిద్ధంగానే ఉంటుంది!

అయితే చేనుకు కాపలా కూడా ఉంది. అవి నైట్రోజన్ ఆక్సైడ్లు. అవి క్లోరిన్‌ను పట్టుకుని, తమతో జతచేసి, ఓ నిలవ పదార్థంగా మార్చేస్తాయి. ఆ రూపంలో ఉన్నంతసేపూ క్లోరిన్ ఓజోన్ జోలికి పోదు. అదీ ఆకాశంలో బందెల దొడ్డి. మామూలు రోజుల్లో పైనున్న క్లోరిన్‌లో ఎక్కువ భాగం ఇలా కట్టేసి ఉండేదే.

ఇప్పుడు అగ్నిపర్వతం పంపిన ఆమ్లపు తుంపర వచ్చిందనుకోండి. ఆ బిందువుల మీద నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లంగా మారిపోతాయి. అంటే కాపలాదారుడు కర్ర కింద పెట్టి నిద్రపోయాడన్నమాట! దొడ్డి తలుపు తెరుచుకుంటుంది. పశువులు చేలో పడతాయి. చలి ఎక్కువగా ఉండే ధ్రువాల దగ్గర ఆ తుంపర క్లోరిన్‌ను నేరుగా కూడా విప్పి వదిలేస్తుంది.

గమనించారా? అగ్నిపర్వతం పశువుల్ని తేలేదు. తలుపు తీసిందంతే. మరి పశువులు ఎవరివి?

మనవే. ఫ్రిజ్‌లలో, ఏసీల్లో, సెంటు స్ప్రేల్లో, పరుపుల నురగలో వాడిన క్లోరోఫ్లోరో కార్బన్లు, అంటే సీఎఫ్‌సీలు. అవి నేలమీద దేనితోనూ కలవవు, వానకు కరగవు, విషం కావు. ఆ మంచి గుణాలు చూసే మనిషి ముచ్చటపడి వాడుకున్నాడు. ఆ గుణాలవల్లే అవి మెల్లగా పైకి ఎక్కి, అక్కడి తీక్షణమైన ఎండకు పగిలి, క్లోరిన్‌ను వదిలాయి. 1974లో మారియో మొలినా, షేర్‌వుడ్ రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రమాదాన్ని లెక్కకట్టి చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం బయటపడింది. నైట్రోజన్ ఆక్సైడ్ల పాత్ర తేల్చిన పాల్ క్రుట్జెన్‌తో కలిపి ఆ ఇద్దరికీ 1995లో నోబెల్ వచ్చింది. పినటుబో పేలేనాటికి స్ట్రాటో ఆవరణంలో క్లోరిన్ సహజంగా ఉండాల్సినదానికి ఐదారు రెట్లు ఉంది. దొడ్డి నిండా పశువులే. తలుపు తెరుచుకుంటే ఏమవుతుంది?

1992, 93 సంవత్సరాల్లో ప్రపంచ సగటు ఓజోన్ అంతకుముందు ఏ ఏడాదిలోనూ చూడనంత తక్కువకు, మరో 2, 3 శాతం పడిపోయింది. అంటార్కిటికా రంధ్రం కొత్త రికార్డులకు చేరింది. 

మన మీద ఏమైనా రంధ్రం పడిందా? లేదు. ఉష్ణమండలంలోనూ పేలుడు తర్వాత కొన్ని నెలలపాటు ఓజోన్ 5, 6 శాతం తగ్గింది కానీ, దానికి ప్రధాన కారణం వేరు. గంధకపు తుంపర వేడిని పీల్చుకుని చుట్టూ ఉన్న గాలిని పైకి ఎగదోసింది. కింద ఉండే ఓజోన్ తక్కువ గాలి ఆ చోటికి వచ్చింది. అది చేను మేయడం కాదు, గట్లు జరగడం లాంటిది.

హైదరాబాద్ బుడగ చూసిన మబ్బు

ఇదంతా ఎలా తెలిసింది? ఉపగ్రహాలు చూశాయి. కానీ ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. మబ్బు మధ్యలోకి వెళ్లి చూడాలంటే బుడగ కావాలి.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ప్రాంతంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 1969 ప్రాంతం నుంచి అక్కడ బుడగలు ఎగరేస్తున్నారు. తిరునాళ్లలో అమ్మే బుడగలు కావవి. పలచటి పాలిథీన్‌తో చేసి, హైడ్రోజన్ నింపితే పైకెళ్లాక 50 మీటర్లకు మించిన వ్యాసంతో ఉబ్బుతాయి. పరికరాల పెట్టెను మోసుకుంటూ 30 నుంచి 40 కిలోమీటర్ల ఎత్తుకు చేరతాయి. అంటే ఓజోన్ పొరను దాటి పైకి వెళ్తాయన్నమాట. 1980వ దశకంలో జర్మన్ శాస్త్రవేత్తలతో కలిసి మనవాళ్లు ఇక్కడి నుంచే గాలి నమూనాలు తెప్పించి, అంత ఎత్తున సీఎఫ్‌సీలు ఎంతెంత ఉన్నాయో కొలిచారు. పశువుల లెక్క ముందే తేలిందన్నమాట!

పినటుబో పేలిన నాలుగు నెలలకు, 1991 అక్టోబరులో, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ నుంచి బుడగ ఎగరేశారు. అందులో సూర్యుడి వైపే తిరుగుతూ కాంతిని కొలిచే పరికరాలున్నాయి. బుడగ పైకెళ్లేకొద్దీ ఏ ఎత్తులో ఎండ ఎంత చెదురుతోందో నమోదు చేశాయి. ఎండ చెదిరిన తీరునుబట్టి అక్కడున్న తుంపర ఎంత దట్టంగా ఉంది, బిందువుల పరిమాణమెంత అన్నది లెక్కకట్టారు. ఫిలిప్పీన్స్ కొండ పొగ తెలుగు గడ్డ మీద తేలుతోందని అలా కొలతల్లో దొరికింది. అహ్మదాబాద్ నుంచి లేజర్ కాంతిని పైకి పంపి, తర్వాతి కాలంలో ఆ పొర క్రమంగా పలచబడటాన్నీ గమనించారు.

బిందువుల పరిమాణం ఎందుకంత ముఖ్యం? దొడ్డి తలుపు తెరుచుకునేది ఆ బిందువుల పైభాగం మీదే. ఎన్ని బిందువులు, ఎంత చిన్నవి అన్నదాన్నిబట్టే ఎంత ఓజోన్ పోతుందో తెలుస్తుంది.

ఆకుపచ్చ సూర్యుడు ఉదయించిన రోజులు

'సరే, మరి సీఎఫ్‌సీలు లేని రోజుల్లో పేలిన కొండల సంగతేంటి?' అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. జవాబు అక్కడే ఉంది.

1883 ఆగస్టు చివర ఇండోనేసియాలో క్రకటోవా బద్దలైంది. సెప్టెంబరులో మద్రాసు రాజధానిలోని ఊళ్లలో జనం ఓ వింత చూశారు. పొద్దు పొడిచేటప్పుడూ గుంకేటప్పుడూ సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు! ఏదో అరిష్టం అనుకున్నవాళ్లు అనుకున్నారు, దూరదర్శినులు తిప్పి పరీక్షించినవాళ్లు పరీక్షించారు. పైకి లేచిన సన్నటి ధూళీ తుంపరా కాంతిని చెదరగొట్టిన మాయ అది.

అంత పేలుడుకు ఓజోన్ ఏమై ఉంటుంది? అప్పటి గాలిలో క్లోరిన్ చాలా తక్కువ. బందెల దొడ్డి దాదాపు ఖాళీ. తలుపు తెరిచినా బయటికి వచ్చే పశువులు లేవు. పైగా నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా ఎంతో కొంత ఓజోన్‌ను కొరికేవే. కాపలాదారుడు అప్పుడప్పుడూ చేలో నాలుగు కంకులు తెంపుకున్నట్టు! అవి తగ్గితే ఓజోన్ స్వల్పంగా పెరిగే వీలూ ఉందని శాస్త్రవేత్తల కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి. అదే కొండ, అదే గంధకం. క్లోరిన్ లేనప్పుడు ఒక ఫలితం, ఉన్నప్పుడు మరో ఫలితం. దోషం ఎవరిదో ఇంతకన్నా ఏం కావాలి?

ఒక మినహాయింపు మాత్రం చెప్పుకోవాలి. టోబా లాంటి మహా విస్ఫోటం జరిగితే తుంపర ఎంత దట్టంగా కమ్ముకుంటుందంటే, ఓజోన్ తయారీకి కావలసిన ఎండే పైకి అందదు. విత్తనం వేసినా వెలుగు లేక మొలవని చేనులా అవుతుంది. అప్పుడు ఉష్ణమండలంలో ఓజోన్ సగం దాకా తగ్గి ఉండొచ్చని 2021లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అలాంటివి వేల ఏళ్లకు ఒకసారి మాట.

రామగుండం పొగ మాటేమిటి?

మంథని వాళ్లకు మరో అనుమానం రావడం సహజం. పక్కనే రామగుండం. 1983 నుంచి బొగ్గు మండిస్తున్న ఎన్టీపీసీ. 200 మీటర్లకు మించి ఎత్తున్న పొగగొట్టాలు. బొగ్గు పొగలోనూ సల్ఫర్ డయాక్సైడే ఉంటుంది కదా, మరి అది ఓజోన్‌ను చెడగొట్టదా?

చెడగొట్టదు. తేడా అంతా ఎత్తులోనే ఉంది. 200 మీటర్లెక్కడ, 20 కిలోమీటర్లెక్కడ? పొగగొట్టం వదిలిన గంధకం మబ్బుల కిందే తిరుగుతుంది. కొద్ది రోజుల్లో వానతోనో మంచుతోనో నేలకు దిగుతుంది. అది మన ఊపిరితిత్తులకు చెడ్డదే, పంటలకూ చెడ్డదే. దాన్ని అదుపు చేయాల్సిందే. కానీ ఓజోన్ పొర కేసు దాని మీద పెట్టలేం. ఏ పొగ ఏ ఎత్తుకు చేరుతుందన్న దాన్నిబట్టే నేరం మారిపోతుంది.

ఏడాది తిరిగేసరికి ఓ నిర్ణయం

పినటుబో మబ్బు ఇంకా ఆకాశంలో ఉండగానే నేలమీద ఓ పని జరిగింది. సీఎఫ్‌సీలను ఆపాలని 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. భారత్ మొదట్లో చేరలేదు. 'వాడిందంతా ధనిక దేశాలు. ఇప్పుడిప్పుడే మా ఇళ్లకు ఫ్రిజ్‌లు వస్తున్నాయి. మారడానికి ఖర్చెవరు పెడతారు?' అన్నది మన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పేద దేశాలకు సాయం చేసే నిధిని ఏర్పాటు చేస్తామని 1990లో లండన్‌లో తీర్మానించాక దారి తెరుచుకుంది. 1992 జూన్ 19న మన దేశం ఒప్పందంలో చేరింది. అప్పుడు ప్రధాని ఎవరో చెప్పాలా? ఏడాది కిందటే ప్రమాణం చేసిన మంథని పాత ఎమ్మెల్యే!

ఆ మాట మనం నిలబెట్టుకున్నాం. ఆస్తమా రోగుల ఇన్‌హేలర్లకు మినహా సీఎఫ్‌సీల తయారీని గడువు కన్నా 17 నెలలు ముందే, 2008 ఆగస్టు 1 నాటికి ఆపేశాం. ప్రపంచమంతా కలిసి వాడకం మానేయడంతో ఓజోన్ కోలుకోవడం మొదలైంది. అన్నీ సవ్యంగా సాగితే చాలావరకు ప్రపంచం మీద 2040కి, ఉత్తర ధ్రువం మీద 2045కి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి ఓజోన్ 1980 నాటి స్థితికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో శాస్త్రవేత్తలు 2022లో అంచనా వేశారు.

ఇంత ఆలస్యమెందుకు? సీఎఫ్‌సీల ఆయుష్షు 50 నుంచి 100 ఏళ్లు. తాతల కాలంలో వదిలిన పశువులు మనవళ్ల కాలం దాకా తిరుగుతూనే ఉంటాయి.

కొండలు ఆగవు... మనం ఆగాలి

ఆ పశువులు పూర్తిగా పోయేదాకా ఏ కొండ పేలినా భయమే. 2015 ఏప్రిల్‌లో చిలీ దేశంలో కల్బుకో అగ్నిపర్వతం పేలింది. అప్పటికి ఓజోన్ కోలుకుంటున్నా ఆ ఏడాది అక్టోబరులో అంటార్కిటికా రంధ్రం రికార్డు స్థాయిలో విస్తరించింది. కారణం కల్బుకో తుంపరేనని సుసాన్ సోలమన్ బృందం 2016లో తేల్చింది. మానుతున్న పుండును గీరినట్టయింది.

2022 జనవరి 15న పసిఫిక్ మహాసముద్రంలో టోంగా దీవుల దగ్గర నీటి అడుగున పేలిన కొండది మరో తీరు. దాని పొగ 57 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. గంధకం తక్కువే కానీ దాదాపు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటో ఆవరణంలోకి చిమ్మింది. ఎప్పుడూ పొడిగా ఉండే చోట నీళ్లు చల్లినట్టయి రసాయన చర్యలు వేగం అందుకున్నాయి. కొద్ది రోజుల్లోనే రీయూనియన్ దీవి నుంచి బుడగలు పంపి చూస్తే, ఆ మబ్బులో ఓజోన్ వేగంగా తగ్గుతూ కనిపించింది.

ఇక్కడే మరో చిక్కు ఉంది. భూమి వేడెక్కుతోంది కాబట్టి పినటుబో చేసిన పని మనమే చేద్దాం, విమానాలతో గంధకాన్ని పైన చల్లి ఎండను తగ్గిద్దాం అని కొందరు శాస్త్రవేత్తలు ఆలోచిస్తున్నారు. ఓజోన్ రక్షణకు దారి చూపిన క్రుట్జెనే 2006లో ఈ ఆలోచన మీద పరిశోధన జరగాలన్నారు. కానీ దొడ్డిలో ఇంకా పశువులుండగా తలుపు మనమే తీస్తే? 2022 నాటి అంచనా నివేదికలో శాస్త్రవేత్తలు ఈ ప్రమాదాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఒక కష్టాన్ని తప్పించుకోబోయి ఇంకో కష్టాన్ని పిలవకూడదు కదా!

చేలో పెట్టె దిగితే...

చివరగా మళ్లీ బుడగ దగ్గరకు వద్దాం. ప్రయోగం ముగిశాక పరికరాల పెట్టె రంగుల పారాచూట్‌తో కిందికి దిగుతుంది. హైదరాబాద్ నుంచి 200, 300 కిలోమీటర్ల దూరం దాకా ఎక్కడైనా దిగొచ్చు. గీత గీసి కొలిస్తే మంథని 200 కిలోమీటర్లలోపే. పొద్దున్నే చేనుకు వెళ్లిన వాళ్లకు పత్తిలో ఓ వింత పెట్టె, పొడవాటి తాళ్లు, ఎర్రటి గుడ్డ కనిపిస్తే గుండె ఝల్లుమనడం సహజమే. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఇలాగే ఓ పెద్ద గుండ్రటి పరికరం దిగితే చుట్టుపక్కల జనమంతా చేరారు. హైదరాబాద్ కేంద్రం నుంచి ఎగిరిన పరీక్ష బుడగదేనని తర్వాత తెలిసింది.

అలాంటి పెట్టె కనిపిస్తే విప్పకూడదు, తాళ్లు కోయకూడదు. కొన్నింటిలో ఎక్కువ వోల్టేజి కరెంటు ఉంటుంది. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో చెబితే చాలు. ముట్టకుండా కబురు చేసినవాళ్లకు బహుమతి కూడా ఇస్తారు. విప్పితే ఒక్కోసారి నెలల శ్రమ, మళ్లీ దొరకని కొలతలు పోతాయి. 1991లో పైకెళ్లిన పెట్టెను చూసి ఎవరైనా ఇనప సామాన్ల కింద అమ్మేసి ఉంటే, ఫిలిప్పీన్స్ మబ్బు మన నెత్తిమీద ఎంత దట్టంగా ఉందన్న లెక్క కూడా దాంతోపాటే తూకానికి పోయేది!

ఇంట్లో చేయగలిగిన పని కూడా ఒకటుంది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్‌లో ఇంకా క్లోరిన్ ఉంది. రిపేరుకు వచ్చిన మెకానిక్ 'పాత గ్యాస్ వదిలేసి కొత్తది కొడతా' అంటే, వదిలేయకుండా సిలిండర్‌లోకి పట్టమని అడగాలి. పిల్లలు ఎందుకని అడిగితే బందెల దొడ్డి కథ చెప్పొచ్చు. 

కొండ ఎప్పుడు పేలుతుందో మన చేతుల్లో లేదు. తలుపు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. దొడ్డిలో పశువులు లేకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. పశువులు లేని దొడ్డికి తలుపు తెరిచి ఉన్నా చేనుకొచ్చిన భయమేమీ లేదు!